ముందు డబ్బా, తర్వాత లేజర్

అక్టోబరు, దసరా అయ్యాక

కాశిబుగ్గలో మా డాబా మీద ఒక చిన్న అర్ర ఉంది. పగలు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకుంటాను, సాయంత్రాలు ఆ అర్రలో గడుస్తాయి. ఈసారి పెట్టుకున్న పని, 3 మిల్లీమీటర్ల స్ఫటికం నుంచి పరారుణ (కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్) లేజర్ తీయడం. ముందు వెలుగు బయటికి పోకుండా మూసే డబ్బా, తర్వాత కొలిచే సాధనాలు, ఆ తర్వాత కళ్లద్దాలు, అన్నిటికంటే చివర లేజర్. ఈ వరుస ఏ కారణంతోనూ మార్చకూడదని డైరీ మొదటి పేజీలోనే రాసుకున్నాను.

లోపల జరిగేది ఇది. 808 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్ డయోడ్ వెలుగును నియోడిమియం కలిపిన యిట్రియం వెనడేట్ స్ఫటికం మింగుతుంది. మింగిన దాంట్లో కొంత వేడిగా పోతుంది, కొంత 1064 నానోమీటర్ల వెలుగుగా బయటికి వస్తుంది. స్ఫటికానికి అటూ ఇటూ అద్దాలు ఉంటే ఆ వెలుగు వాటి మధ్య తిరుగుతూ బలపడి లేజర్ అవుతుంది. జాతరల్లో అమ్మే ఆకుపచ్చ పాయింటర్ లోపలా ఇదే ఏర్పాటు. అందులో కేటీపీ అనే ఇంకో స్ఫటికం 1064ను సగానికి తెచ్చి 532 నానోమీటర్ల ఆకుపచ్చగా మారుస్తుంది. మిగిలిపోయిన పరారుణాన్ని ఆపడానికి మూతి దగ్గర ఒక ఫిల్టర్ ఉండాలి. చవక రకాల్లో కొన్నిటికి అది ఉండదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ వాళ్లు 2010లో అలాంటిదొకటి పరీక్షించారు. ఆకుపచ్చ మసకగా ఉంది, పరారుణం మాత్రం దాదాపు 20 మిల్లీవాట్లు వస్తోంది. పిల్లలు ఒకరి మొహం మీద ఒకరు కొట్టుకుని ఆడుకునే వస్తువు అది. ఆ సంగతి చదివిన రోజు నుంచి ఈ పని నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

కంటి సంగతి వివరంగా రాసుకోవాలి. 400 నుంచి 1400 నానోమీటర్ల వరకు ఏ వెలుగైనా కంట్లోకి దిగి వెనక తెర అయిన రెటీనా మీద చిన్న చుక్కగా కూడుతుంది. కంటి ముందు పొర కార్నియా దగ్గర ఉన్న తీవ్రత అక్కడికి చేరేసరికి లక్ష రెట్లు కావచ్చు. కనిపించే వెలుగైతే పావు సెకనులో రెప్ప పడుతుంది, తల పక్కకు తిరుగుతుంది. 1 మిల్లీవాట్ దాకా ఉండే క్లాస్ 2 అనే తరగతిని ఆ రెప్ప మీద నమ్మకంతోనే పెట్టారు. పరారుణానికి క్లాస్ 2 అనేదే లేదు, ఎందుకంటే కనపడని దానికి రెప్ప పడదు. రెటీనాలో నొప్పి తెలిపే నరాలు కూడా లేవు. చూపులో ఒక మూల మసకబారాకే మనిషికి తెలుస్తుంది. నేను వాడబోయే డయోడ్ 300 మిల్లీవాట్లది, అంటే క్లాస్ 3బీ, నేరుగా కంట్లో పడితే ప్రమాదమైన తరగతి.

ఇంకో మెలిక ఉంది. 808ని కన్ను పూర్తిగా వదిలెయ్యదు, మసక ఎరుపుగా కాస్త తెలుస్తుంది. మసకగా ఉంది కదా, బలం లేదులే అనిపిస్తుంది. అసలు కనపడని 1064 కంటే ఈ మసక ఎరుపే మనిషిని ఎక్కువ మోసం చేస్తుందని నా అభిప్రాయం.

అక్టోబరు చివర, డబ్బా పని

హన్మకొండలో కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడొకడు పాత సీపీయూ క్యాబినెట్ ఇచ్చాడు. గట్టి ఇనుప రేకు. వెనకాల ఫ్యాను తూట్లు, కార్డుల సందులు అన్నీ రేకు ముక్కలు పెట్టి రివెట్లు కొట్టి మూసేశాను. గాలి ఆడాల్సిన చోట మాత్రం రేకును రెండు మలుపులు తిప్పాను. గాలి మలుపు తిరిగి బయటికి పోతుంది, వెలుగు తిన్నగా పోయి గోడకు తగులుతుంది. చూడటానికి కిటికీ పెట్టలేదు. లోపల ఒక పాత వెబ్‌క్యామ్, దాని లెన్సు వెనక ఉండే పరారుణ ఫిల్టర్ తీసేసి బిగించాను. ఇక చూడటమంతా స్క్రీన్ మీదే.

అడుగున గ్రానైట్ పలక వేశాను. కరీంనగర్ వైపు క్వారీల నుంచి వచ్చే టాన్ బ్రౌన్ రాయి, ఎవరి వంటింటి గట్టు కోసమో కోయగా మిగిలిన ముక్క. షాపతను పైసలు తీసుకోలేదు. వేడికి అల్యూమినియం సాగేదాంట్లో ఈ రాయి సాగేది దాదాపు మూడో వంతే, అద్దాలు ఒకసారి కుదిరాక కదలకుండా ఉంటాయి. బరువు కూడా మంచిదే, కింద వీధిలో లారీ పోయినా కదలదు. డైమండ్ బిట్‌తో నీళ్లు పోస్తూ తూట్లు వేసి, స్క్రూ పట్టుకునే గొట్టాలను అరల్డైట్‌తో అతికించాను. మెరుగు పెట్టిన ముఖం అద్దంలా వెలుగును తిప్పికొడుతుంది కాబట్టి దాన్ని కిందికి తిప్పి, గరుకు వైపు పైకి పెట్టాను.

డయోడ్‌ను పట్టుకునే దిమ్మెను ములుగు రోడ్డులో లేత్ మిషన్ నడిపే అన్న దగ్గర చేయించాను. డయోడ్ వెడల్పు 5.6 మిల్లీమీటర్లు. ఇత్తడి కడ్డీ చూసి ఆయన అడిగాడు:

"గింత చిన్నదానికి గింత ఇత్తడి ఎందుకు సార్?"

"అది వేడెక్కుతదన్నా. వేడి ఎప్పటికప్పుడు ఇత్తడిలకు దిగాలె. సందు ఉంటే పోతది."

రెండో మాట అడగకుండా, బోర్ వేసి డయోడ్ బిగువుగా కూర్చునేదాకా మళ్లీ మళ్లీ సరిచూసి ఇచ్చాడు. అద్దం పట్టుకునే ప్లేటు కూడా ఆయన చేసిందే, మూడు స్క్రూలు, మూడు స్ప్రింగులు. స్క్రూ పావు చుట్టు తిప్పితే అద్దం ఎంత వంగుతుందో ఆయనకు లెక్క చెప్పకుండానే తెలుసు.

మూతకు రెండు మైక్రోస్విచ్‌లు. చెడిపోయిన మైక్రోవేవ్ ఓవెన్ తలుపులో దొరికేవే, తలుపు తెరవగానే ఓవెన్‌ను ఆపేది అవే. రెండిటినీ వరుసలో కలిపాను, ఒకటి అతుక్కుపోయినా రెండోది పని చేస్తుంది. వాటితోపాటు తాళం చెవితో తిరిగే స్విచ్ ఒకటి, లేజర్ వెలగడానికి ఐదు సెకన్ల ముందే వెలిగే ఎర్ర దీపం ఒకటి. ఈ స్విచ్‌లన్నీ డయోడ్‌ను నడిపే డ్రైవర్ సర్క్యూట్‌కు కరెంటు వచ్చే వైపే ఉండాలి. డయోడ్ కాళ్ల దగ్గర పెడితే, మూత తెరిచినప్పుడు డ్రైవర్ కెపాసిటర్ ఛార్జ్‌తో నిండి కూర్చుంటుంది. మూసిన మరుక్షణం ఆ ఛార్జ్ అంతా డయోడ్ మీద పడి దాన్ని చంపేస్తుంది. మొదటిసారి కట్టేవాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

ఇంటర్ చదివే మా బిడ్డ వచ్చి చూసింది. "నాయినా, కనవడని వెలుగుకు ఎర్ర దీపం ఎందుకు?" అని అడిగింది. "కనవడదు కాబట్టే బిడ్డా" అన్నాను. ఆ దీపం వెలిగి ఉంటే అర్రలోకి రాకూడదని ఇంట్లో అందరికీ ఆ పూటే చెప్పాను. తాళం చెవి నా జేబులోనే ఉంటుంది.

లేజర్ పెట్టకముందే డబ్బా లీకు చూడటానికి మంచి దారి ఉంది. సీసీటీవీలకు వాడే 850 నానోమీటర్ల ఎల్‌ఈడీ దీపాన్ని లోపల వెలిగించి, మూత మూసి, రాత్రి అర్రలో లైట్లన్నీ తీసేసి, నైట్ విజన్ కెమెరాతో చుట్టూ చూడాలి. అది లేజర్ కాదు, వెలుగు చెదిరి ఉంటుంది, డబ్బాలో మూసి ఉంది కూడా. మూత అంచు వెంట ఒక గీత, రెండు రివెట్ల పక్కన చుక్కలు తెల్లగా కనిపించాయి. అంచుకు రేకు మడత వేసి, చుక్కలను మూసి, కెమెరాలో నలుపు తప్ప ఇంకేమీ లేకుండా అయ్యేదాకా అదే పని చేశాను.

నవంబరు, నలుపుల పరీక్ష

ఇన్ని పనుల్లో నాకు ఎక్కువ నేర్పింది ఇదే. డబ్బా లోపల నల్లగా ఉండాలి, ఎక్కడ తగిలిన కిరణం అక్కడే చావాలి. కానీ మన కంటికి నలుపైనది పరారుణానికి నలుపు కానక్కర లేదు.

ఇంట్లో, బజార్లో దొరికిన నలుపులన్నీ ఒక అట్ట మీద వరుసగా అతికించి ఆ 850 దీపం కింద కెమెరాతో చూశాను. గొడుగు గుడ్డ బూడిద రంగులోకి పోయింది. నల్ల కాటన్ గుడ్డ దాదాపు తెల్లగా వచ్చింది. నల్లరంగు పట్టించిన అల్యూమినియం హీట్‌సింక్, దాన్ని చూసి ఎవరైనా లోపల పెట్టుకోవచ్చనుకుంటారు, అదీ లేత బూడిదే. బట్టకు, అల్యూమినియానికి పట్టించే రంగులు కనిపించే వెలుగునే మింగుతాయి. ఆ పైన ఉన్న పరారుణానికి అవి లేనట్టే. కింద ఉన్న నూలు, లోహం దాన్ని తిప్పికొడతాయి.

అప్పుడే పక్కింటాయన అయ్యప్ప మాల వేసుకుని ఉన్నారు. "స్వామీ, ఒక్కసారి ఈ కెమెరా ముందు నిలబడతారా" అని అడిగాను. లైట్లు తీసేశాక స్క్రీన్ మీద తనను తాను చూసుకుని, "స్వామి శరణం, తెల్ల బట్టలు కట్టినట్టే ఉంది గదా!" అని ఆశ్చర్యపోయారు. మళ్లీ మళ్లీ లుంగీ అంచు పట్టుకుని స్క్రీన్ వంక, బట్ట వంక చూశారు. మరుసటి పూట ఇంకో ఇద్దరు స్వాములను కూడా వెంటబెట్టుకొచ్చారు.

వరుసలో చివర ఉన్నది కాటుక. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి పట్టినది, ఇంట్లో ఆడవాళ్లు తరతరాలుగా పట్టేదే. కెమెరాలో అది మచ్చ లేని నలుపు. కార్బన్ కాబట్టి కనిపించే వెలుగునూ పరారుణాన్నీ ఒకేలా మింగుతుంది. 1800లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ ఎరుపుకు అవతల వేడి ఉందని కనిపెట్టినప్పుడు వాడిన థర్మామీటర్లకు గోళాలు నల్లబరిచి ఉన్నాయి. కనపడని వెలుగును పట్టింది ఆ నలుపే.

కాటుక రాలుతుంది, అద్దాల మీద పడితే కష్టం. అందుకని గోడలకు బైకు సైలెన్సర్‌కు కొట్టే, వేడి తట్టుకునే నల్ల పెయింట్ వేశాను. నేను తెచ్చిన రకం కెమెరా కింద నల్లగానే నిలిచింది. ఎవరైనా వాడితే ముందు ఒక చుక్క వేసి కెమెరాలో చూసుకోవాలి, పెయింట్ డబ్బా మీద రాసిన పేరును నమ్మకూడదు. కిరణం చివరికి పోయి తగిలే చోట షేవింగ్ బ్లేడ్లను కట్టగా పేర్చి, పదును అంచులు కిరణం వైపు ఉండేలా బిగించాను. రెండు అంచుల మధ్య సందులోకి పోయిన వెలుగు లోపలికే తగులుతూ తగ్గిపోతుంది, తిరిగి రాదు. దాని వెనక కాటుక పట్టిన రేకు.

డిసెంబరు, కరెంటు

డయోడ్‌ను ఇంటి కరెంటుకు కలపలేదు. మా వైపు కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో వచ్చే ఎత్తుపల్లాలు లేజర్ డయోడ్ తట్టుకోలేదు. 6 వోల్టుల సీల్డ్ బ్యాటరీ, ఎల్‌ఎం317 ఐసీతో ఒకే కరెంటు ఇచ్చే సర్క్యూట్. లెక్క సులువు: 1.25ను రెసిస్టర్ ఓమ్‌లతో భాగిస్తే ఆంపియర్లు. 3.9 ఓమ్‌ల రెసిస్టర్ తీయకుండా ఉంచి, దానికి వరుసలో తిప్పేది ఇంకొకటి పెట్టాను. ఎంత తిప్పినా 320 మిల్లీ ఆంపియర్లు దాటదు. భాగాలన్నీ హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ నుంచి తెచ్చినవే.

ముందు డయోడ్ బదులు మూడు మామూలు 1ఎన్4007 డయోడ్లు, ఒక ఓమ్ రెసిస్టర్ వరుసలో పెట్టి సర్క్యూట్ నడిపించాను. స్విచ్ వేసినప్పుడు, తీసినప్పుడు కరెంటు ఎగరడం లేదని నమ్మకం కుదిరాకే అసలు దాన్ని సోల్డర్ చేశాను. మణికట్టుకు ఎర్త్ పట్టీ, కింద తడి గుడ్డ. చలికాలం గాలి పొడిగా ఉంటుంది, ఒంటి మీది స్థిర విద్యుత్తు చాలు దాన్ని పాడు చేయడానికి.

ఆ పైన ఏనుమాముల మార్కెట్ మాకు దగ్గర, పత్తి సీజన్లో గాలిలో నూగు తిరుగుతూనే ఉంటుంది. నూగు పోగు ఒకటి డయోడ్ మూతి మీద వాలితే కాలి మచ్చ పడుతుంది. గాలి పోయే దారులన్నిటికీ మెత్తటి ఫిల్టర్ గుడ్డ కట్టాను.

కళ్లద్దాల సంగతి. అద్దం వెలుగును ఎంత తగ్గిస్తుందో చెప్పే ఓడీ అని ఒక అంకె ఉంటుంది. ఓడీ 4 అంటే పదివేలో వంతుకు తగ్గిస్తుంది, 5 అంటే లక్షో వంతుకు. 300 మిల్లీవాట్లు ఓడీ 5 దాటితే 3 మైక్రోవాట్లు. కానీ ఆ అంకె ఏ నానోమీటర్లకు అనేది పక్కనే ఉండాలి, నాకు 808కీ 1064కీ రెండిటికీ కావాలి. నల్ల కూలింగ్ గ్లాసెస్ దీనికి పనికిరావు. అవి పెట్టుకుంటే కంటిపాప ఇంకా తెరుచుకుంటుంది, పరారుణం ఆగదు.

కళ్లద్దాలను డబ్బాలోనే పరీక్షించాను. తగ్గించిన కరెంటుతో 808 డయోడ్, ముందు అద్దం, వెనక వెలుగును కరెంటుగా మార్చే బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్. అది మిల్లీవాట్‌కు సుమారు అర మిల్లీ ఆంపియర్ ఇస్తుంది, దానికి అడ్డంగా లక్ష ఓమ్‌ల రెసిస్టర్ పెడితే నానో ఆంపియర్లు కూడా మామూలు మల్టీమీటర్‌లో మిల్లీవోల్టులుగా చదవొచ్చు. చెక్క చెక్కే నీలి లేజర్ మిషన్‌తో ఉచితంగా వచ్చిన ఆకుపచ్చ ప్లాస్టిక్ అద్దాలు ఒక మిత్రుడివి ఉంటే పెట్టి చూశాను. 808 వాటిలోంచి దాదాపు పూర్తిగా దాటింది. అవి నీలి వెలుగుకు చేసినవి, వాటి పని వేరే. 808, 1064 రెండు అంకెలూ ముద్రించి ఉన్న నా అద్దాలు పెట్టాక మీటర్ సున్నా దగ్గరి నుంచి కదలనే లేదు. మూత మూసే ఉంటుంది కదా, అద్దాలెందుకు అంటే, స్విచ్‌లు కూడా వస్తువులే, ఎప్పుడైనా చెడిపోవచ్చు.

జనవరి, మేడారం జాతర రోజులు

స్ఫటికం పార్శిల్ ఆలస్యమైంది. ములుగు రోడ్డంతా సమ్మక్క సారలమ్మ భక్తుల బండ్లే. ఆ ఖాళీలో పరారుణ లేజర్ల చరిత్ర చదివాను. మైమన్ తొలి లేజర్ 1960 మేలో, కెంపు ఎరుపు. అదే డిసెంబరులో అలీ జవాన్ బృందం వెలిగించిన తొలి గ్యాస్ లేజర్ 1.15 మైక్రాన్ల పరారుణం (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు). 1962లో రాబర్ట్ హాల్ చేసిన సెమీకండక్టర్ లేజర్ కూడా పరారుణమే. మహారాష్ట్ర బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ 1964లో బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్ చేశాడు, 10.6 మైక్రాన్లు. దాని వెలుగు కార్నియా దగ్గరే ఆగి పైపొరను కాలుస్తుంది, మామూలు గాజు కూడా దాన్ని ఆపుతుంది. నా 1064 గాజును, కార్నియాను దాటి రెటీనా దాకా పోతుంది. పరారుణం అన్నంత మాత్రాన జాగ్రత్తలన్నీ ఒకటి కావు.

ఫిబ్రవరి, వెలిగింది

స్ఫటికం 3 × 3 × 1 మిల్లీమీటర్లు. ఒక ముఖం మీద పూత 808ని లోపలికి వదిలి 1064ను తిప్పికొడుతుంది, అదే మొదటి అద్దం. రెండోది 50 మిల్లీమీటర్ల వంపు వ్యాసార్ధం ఉన్న చిన్న పుటాకార అద్దం, 25 మిల్లీమీటర్ల దూరంలో. ఒకటి చదును, ఒకటి పుటాకారం అయినప్పుడు దూరం వంపు వ్యాసార్ధం కంటే తక్కువ ఉంటే వెలుగు పక్కకు జారిపోదు.

కుదర్చడమంతా కనిపించే వెలుగుతోనే. 808 డయోడ్ వైరు ఊడదీసి, 1 మిల్లీవాట్ లోపు ఎర్ర పాయింటర్‌ను సూది తూటు ఉన్న అట్టలోంచి పంపాను. స్ఫటికం నుంచి తిరిగొచ్చే చుక్క, అద్దం నుంచి తిరిగొచ్చే చుక్క రెండూ ఆ తూటు మీదే పడేదాకా మూడు స్క్రూలతో పని. మెడ పట్టేసే పని, తొందర పనికిరాదు. కుదిరాక ఎర్ర పాయింటర్ తీసేసి, 808 వైరు కలిపి, మూత పెట్టి, అద్దాలు పెట్టుకుని తాళం తిప్పాను.

ఫోటోడయోడ్ ముందు 850 కంటే దిగువ వెలుగును ఆపే నల్ల గాజు ఫిల్టర్ ఉంది, కాబట్టి మీటర్‌లో కనిపించేది 808 కాదు. కరెంటు పెంచుతుంటే అంకెలు మెల్లగా పాకాయి, అది స్ఫటికం నలుదిక్కులా చిమ్మే మామూలు మెరుపు. 190 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఒక్కసారిగా వందల్లోకి దూకింది. తగ్గించాను, పడింది. పెంచాను, మళ్లీ అక్కడే దూకింది. గ్రాఫులో ఆ మోకాలు వంపే లేజర్ పుట్టిందనడానికి గుర్తు. వెబ్‌క్యామ్‌లో బ్లేడ్ల కట్ట మీద మసక తెల్లటి చుక్క గుండ్రంగా వచ్చింది. 1064 దగ్గర సిలికాన్ కెమెరా చూపు మందగిస్తుంది కాబట్టి మసకగానే ఉంటుంది. ఆ రాత్రి అన్నం కూడా పైకే తెప్పించుకున్నాను. టెన్షన్ పోయి ఒళ్లంతా తేలికైంది.

నమ్మకానికి ఇంకో పరీక్ష. కరెంటు తీసి, పాత పాయింటర్‌లోంచి తీసిన కేటీపీ ముక్కను రెండు అద్దాల మధ్య, స్ఫటికం పక్కన పెట్టి, అద్దాన్ని మళ్లీ కుదిర్చి, మూత పెట్టాను. స్క్రీన్ మీద ఆకుపచ్చ. 1064 ఉంటే తప్ప ఆ ఆకుపచ్చ రాదు. మా బిడ్డను పిలిచి చూపిస్తే, "గిదే మంచిగుంది నాయినా, గిట్లనే ఉంచు" అన్నది. అయినా తీసేశాను, కావాల్సింది పరారుణమే.

మార్చి

ఎండలు మొదలయ్యాయి, లేజర్ బలం సాయంత్రం ఒకలా మధ్యాహ్నం ఒకలా ఉంటోంది. డయోడ్ ఒక్కో డిగ్రీ వేడెక్కితే దాని వెలుగు సుమారు 0.3 నానోమీటర్లు జరుగుతుంది. స్ఫటికం బాగా మింగేది 808.5 దగ్గర. వరంగల్‌లో 42, 43 డిగ్రీల మధ్యాహ్నం ఆ అర్రలో ఇత్తడి దిమ్మె 50కి పోతే, 25 డిగ్రీల దగ్గర 808 ఉన్నది 815 దాటుతుంది. స్ఫటికం మింగేది తగ్గిపోతుంది, మిగిలిన 808 ముందుకు పోతుంది. వేడి రోజున లేజర్ బలం తగ్గినంత మాత్రాన డబ్బాలో వెలుగు తగ్గినట్టు కాదు. అది ఫోటోడయోడ్ ముందు ఫిల్టర్ తీసి చూస్తేనే తెలుస్తుంది. పైగా వేడికి సిలికాన్ 1064ను ఇంకాస్త ఎక్కువ పడుతుంది, కాబట్టి ఫోటోడయోడ్ అంకె మీదా పూర్తి నమ్మకం పెట్టుకోకుండా పక్కనే థర్మామీటర్ పెట్టి రెండూ కలిపి రాస్తున్నాను.

వాటర్ డిస్పెన్సర్‌లోంచి తీసిన, కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడే పెల్టియర్ బిళ్ల ఇత్తడి దిమ్మె కిందికి వెళ్తుంది, దాని వేడి వైపు డబ్బా బయట హీట్‌సింక్‌కు. దిమ్మెను 25 కంటే కిందికి దించకూడదు, వానలు పడ్డాక గాలిలో తేమకు డయోడ్ మూతి మీద చెమ్మ పట్టేస్తుంది. లోపల సిలికా జెల్ పొట్లాలు పెట్టాను.

కొత్త విద్యా సంవత్సరంలో కాలేజీ పిల్లలకు చూపించాలంటున్నారు ప్రిన్సిపాల్ గారు. చూపిస్తాను, స్క్రీన్ మీద, గ్రాఫుతో. అప్పటికి మూతకు మామూలు స్క్రూడ్రైవర్‌తో రాని నాలుగు స్క్రూలు పడతాయి, పైన పసుపు పచ్చ హెచ్చరిక బిళ్ల పడుతుంది, కనపడని లేజర్, క్లాస్ 3బీ, తెరవొద్దు అని. ఈ వారం పని పెల్టియర్‌కు థర్మోస్టాట్ కలపడం. ఎండలు ముదిరేలోపు అది అయిపోవాలి.